బంతి మోసేవాడు

ఆ ఊళ్ళో నీడ లేదు. చుట్టూ ఉప్పుమడులు కావడంతో అక్కడ మొక్కన్నది బతకదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎండే. పై ఊరివాళ్ళు వచ్చి, ఇక్కడ ఎలా ఉంటున్నారండీ బాబూ అంటే, ఎలా ఉండడమేమిటని వాళ్ళ మొహంలోకి వింతగా చూసేవాళ్ళు ఆ జనం.

నీడ లేకపోతేనేం, ఆట ఉంది. ఊరికి నాలుగు వాడలు. వాడకో మైదానం, మైదానానికో తోలు బంతి, ఆటకి ఈల ఊదడానికి ఒక పెద్దదిక్కు. ఆదివారం సాయంత్రమైతే ఏ వాడ పిల్లలు ఆ వాడలో ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్ళు. జట్లు ఉద్దుల లెక్కన వేసుకునేవాళ్ళు. అంటే సమానంగా ఆడే ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోయి, ఒకడు సూర్యుడని, ఒకడు చంద్రుడని పేర్లు పెట్టుకుని వచ్చి, సూర్యుడు కావాలా చంద్రుడు కావాలా అని నాయకుణ్ణి అడుగుతారు. కోరుకున్నవాడు ఇటు, మిగిలినవాడు అటు. బాగా ఆడేవాడికి బాగా ఆడేవాడు ఉద్ది, బొత్తిగా రానివాడికి రానివాడు ఉద్ది. అందరికీ ఆట దొరికేది. బేసిగా మిగిలిపోయిన పిల్లని ఆటలో అరటిపండు చేసి ఆడించేవాళ్ళే కానీ, ఒడ్డున కూర్చోబెట్టడమన్న మాటే లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆట అయ్యాక ఓడిన జట్టే బంతిని ఇంటికి మోసుకెళ్ళాలి. తుడిచి, గాలి కొట్టి, మళ్ళీ ఆదివారం తేవాలి. గెలిచినవాళ్ళకి గెలుపుంది, ఓడినవాళ్ళ దగ్గర బంతైనా ఉండాలి కదా. బంతి చంకలో పెట్టుకుని ఎవరైనా వీధిలో పోతుంటే, అరుగుల మీదివాళ్ళు "ఎవరి చేతిలో ఓడిపోయావ్?" అని అడిగి నవ్వేవాళ్ళు. ఆ ఊళ్ళో బంతి మోయడమంటే ఓడిపోవడమే. దానికి వేరే అర్థం ఎవరి బుర్రకీ తట్టదు.

ఉప్పువాడ మైదానంలో ఈల ఊదేది ఒక ముసలమ్మ. కొంగున ఈల కట్టుకుని, స్టీలు బేసిన్‌లో సున్నం కలిపి, గీతలు కూడా తనే గీసేది. ఆవిడకొక మనవరాలు. ఆ పిల్లకి ఆటంటే ప్రాణం, ఆట మాత్రం రాదు. బంతి ఇటొస్తే అటు పరిగెత్తేది. అయినా ప్రతి ఆదివారం ఏదో ఒక ఉద్దిలో ఏదో ఒక పేరు పెట్టుకుని ఆడేది, ఆ రాత్రి అన్నం తింటూ కాళ్ళాడిస్తూ అదే కబుర్లు చెప్పేది. మనవరాలు నవ్వుతూ నిద్రపోయే రోజు వారానికి ఒకటుంది, ముసలమ్మకి అది చాలు.

అలాంటి ఊరికి ఒక ఎండాకాలం గొడుగాయన వచ్చాడు.

ఆ గొడుగు మామూలు గొడుగు కాదు. దాని కింద ఒక పెళ్ళి చేసేయొచ్చు. చిక్కటి నీలం రంగు, నడిమికి ఇనప కాడ, బండి మీద తెచ్చుకున్నాడు. మనిషి చూడబోతే ఎంతో మెత్తన. ఒక వాడ మైదానం దగ్గర ఆగి, ఓడిన పిల్ల బంతి మోసుకుపోతుంటే వంగి, "బరువుగా ఉందా అమ్మా? ఇలా ఇవ్వు, నేను మోస్తాను" అన్నాడు.

ఊరి పెద్దలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఓడకుండానే ఓడినవాడి పని చేస్తానంటాడేమిటి, పాపం పిచ్చి మారాజు! ఇంతకీ ఆయన ఇంకేమీ అడగలేదు. మీ మైదానాలు నాకొద్దు, మీ పిల్లలు మీ దగ్గరే ఉంటారు, ఆటకీ ఆటకీ మధ్య బంతి నా పెట్టెలో ఉంటుంది, అంతే, దానికి బదులు ఆట చూసేవాళ్ళకి నీడ ఇస్తాను అన్నాడు. నీడ! పుట్టి బుద్ధెరిగి ఆ మాట విననివాళ్ళాయె. ఒక వాడ తర్వాత ఒక వాడ బంతి ఇచ్చేసింది.

ముసలమ్మ ఒక్కతే అడ్డం పడింది. ఓడనివాడికి బంతెందుకని ఇంటింటికీ వెళ్ళి అడిగింది. అందరూ ఆవిడనే వేళాకోళం చేశారు. పాలు తెల్లగా ఉన్నాయన్నా నీకు అనుమానమే కదా పిన్నీ అన్నారు. ఉప్పువాడవాళ్ళు ఆవిడ ఇంట్లో లేనప్పుడు బంతి పట్టుకెళ్ళి పెట్టెలో పెట్టేసి వచ్చారు. కొంగున ఈల మిగిలింది, ఊదడానికి ఆట లేదు. ముసలమ్మ మూతి ముడుచుకుని ఊరుకుంది కానీ, ఆ రోజు నుంచి ఆయన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టింది.

నాలుగు బంతులూ పెట్టెలో పడ్డాక గొడుగాయన మాట మెల్లగా పెరిగింది. నాలుగు మైదానాల్లో నాలుగు గొడుగులు వేయలేను కదా, అందరూ ఒక్క మైదానానికే రండి అన్నాడు. నిజమే కదా అన్నారు. నాలుగు ఈలలు మోగితే పిల్లలు తికమక పడతారు, ఒక్క ఈల చాలు అన్నాడు. అదీ నిజమే అన్నారు. నాలుగు వాడల పిల్లలూ ఒకేసారి ఆడలేరు, గట్టివాళ్ళని ఏరి రెండు జట్లు చేస్తాను, ఒకటి ఎర్ర చొక్కాలు, ఒకటి తెల్ల చొక్కాలు అన్నాడు. ఉద్దులు అక్కడితో ఆగిపోయాయి. ఆయన మనుషులు పిల్లల్ని పరిగెత్తించి, పిక్కలు నొక్కి చూసి, కొందరికి చొక్కాలిచ్చారు. మనవరాలి దగ్గరికి వచ్చేసరికి పిక్కలు కూడా చూడలేదు. ఆ పిల్ల అలాగే కాలు చాపి కాసేపు నిలబడింది.

ఆ తర్వాత నీడకి నీళ్ళు అడిగాడు. ఉప్పునేల మీద మంచినీళ్ళంటే బంగారమే, రెండు కోసులు నడిచి తెచ్చుకోవాలి. నీడలో కూర్చునే ఇల్లు ఆదివారానికొక బిందె ఇవ్వాలన్నాడు. బాగా ఆడే పిల్లల తల్లులు, ఆడతారని ఆశపడే పిల్లల తల్లులు, అందరూ బిందెలు మోశారు. మళ్ళీ ఆయనే, పండగ రోజున ఇంటికొక చెంబెడు నీళ్ళు తిరిగి పంచిపెట్టాడు. "ఇది మీ వాటా" అన్నాడు. వాటా ఏమిటో ఎవరికీ తెలియలేదు కానీ, ఊరికే వచ్చిన చెంబెడు నీళ్ళని కళ్ళకద్దుకుని తాగారు. తాము పోసిన బిందెలు ఎటు పోయాయని ఒక్కరూ అడగలేదు.

ముసలమ్మ గొడుగు కిందికి అడుగు పెట్టేది కాదు. అవతలి గట్టు మీద ఎండలో నిలబడి, నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని ఆయన్నే చూసేది. ఒక ఆదివారం ఎర్రచొక్కాలు గోలు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టాడు. తర్వాత తెల్లచొక్కాలు కొట్టారు. ఆయన సరిగ్గా అలాగే చప్పట్లు కొట్టాడు. ఈ మనిషి ఎటువైపు? ఎవరు ఓడినా ఈయనకి దిగులెందుకు లేదు? అనుకుంది ముసలమ్మ. పక్కనే మనవరాలు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లలాగే చొక్కాలు దొరకని పిల్లలు గట్టు పొడుగునా ఉన్నారు, ఎండకి మొహాలు కమిలిపోయి.

ఆ రాత్రి మనవరాలు అన్నం ముందు కూర్చుని, "నాయనమ్మా, నువ్వు ఒక్క బిందె ఇచ్చుంటే నన్నూ ఆడించేవాళ్ళేమో" అంది. నింద వేస్తున్నట్టు కూడా అనలేదు. తన అనుమానం తనకి ఉంటే ఉండనీ, దాని ఖరీదు ఈ పిల్ల ఆటా అనుకుంది ముసలమ్మ. నిద్రలో ఆ పిల్ల కాళ్ళు కదులుతుంటే చూడలేక అటు తిరిగి పడుకుంది.

మరుసటి ఆదివారానికి ముసలమ్మ బిందె నెత్తిన పెట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, మొదటిసారి గొడుగు కిందికి వెళ్ళింది. గొడుగాయన లేచి ఎదురొచ్చాడు. బిందె తనే దించాడు. పిల్లని ఆడించమని అడిగితే, తప్పకుండా చూద్దామమ్మా, ముందు కూర్చుని ఆట చూడనివ్వండి, వచ్చే ఏడు మళ్ళీ ఏరుతాం కదా అన్నాడు. అలా అంటూ బిందెను బండి మీద పెట్టించేశాడు.

ముసలమ్మ కూర్చుని, అలసటకి తల పైకెత్తింది. ఎత్తిన తల దించలేకపోయింది.

ఏడాది ఎండకి గొడుగు నీలం వెలిసిపోయింది. రంగు కింద ఉన్న అసలు గుడ్డ బయటపడింది. ఒక్క గుడ్డ కాదు, వందల ముక్కలు. ఒకచోట పువ్వుల చీర, ఒకచోట చారల చొక్కా, ఒకచోట బొంత పీలిక. అంచు దగ్గర, సరిగ్గా ఆవిడ నెత్తి మీద, పచ్చగళ్ళ లుంగీ ముక్క. పోయిన తన మొగుడిది. అది కాలిన చోట తను వేసిన తెల్లదారం రఫ్ఫు కూడా అలాగే ఉంది.

గొడుగాయన రావడానికి ముందు ఏడాది, పాత బట్టలకి స్టీలు సామాన్లిస్తామంటూ ఒక గంపావిడ నాలుగు వాడలూ తిరిగింది. ఊరంతా బట్టలు పోసింది. ముసలమ్మ గంటసేపు బేరమాడి, లుంగీ ఇచ్చి సున్నం బేసిన్ తీసుకుంది. మంచి బేరం చేశానని నెలరోజులు చెప్పుకుంది కూడా. ఇంత అనుమానం మనిషికి, ఆ గంప ఎవరిదన్న అనుమానం మాత్రం ఆ రోజు రాలేదు.

ముసలమ్మ లేచి నిలబడి, మా బంతి మాకిచ్చెయ్యమని గొడుగాయన్ని అడిగింది.

"నాదైతే ఇచ్చేద్దునమ్మా. నేను మోసేవాణ్ణే. సొంతదారులు వేరే ఉన్నారు" అన్నాడాయన.

"ఎవరు వాళ్ళు?"

ఆయన వేలు పైకి చూపించాడు. అందరూ తలలెత్తారు. ఆ తర్వాత అదిగో నా చీర అని ఒకావిడ, అదిగో మా నాన్న చొక్కా అని ఇంకొకాయన, వేళ్ళు పెట్టి చూపించుకోవడం మొదలుపెట్టారు. అయితే ఈ గొడుగు మనదేనా అని పొంగిపోయారు. ముమ్మాటికీ మీదే, అందుకేగా మీ వాటా చెంబులతో పంచుతున్నాను అన్నాడు గొడుగాయన. ఎవరి గుడ్డ కింద వాళ్ళు కూర్చుందామని జనం అటూ ఇటూ సర్దుకోసాగారు.

"మనదే అయితే మన పిల్లలు ఎండలో ఎందుకున్నారు?" అంది ముసలమ్మ.

గట్టు వైపు చూసినవాళ్ళు చప్పున చూపు తిప్పేసుకున్నారు.

ముసలమ్మ ఇంటికి పోయి సున్నం బేసిన్ తెచ్చింది. తోమి, తుడిచి, గొడుగాయన కాళ్ళ దగ్గర పెట్టింది. బేరం తిరగేస్తున్నాను, నా గుడ్డ నాకియ్యి అంది. ఆయన కోప్పడలేదు. ఒక్క కుట్టు విప్పితే పక్క కుట్లు వదులైపోతాయమ్మా, అందరి నీడా పోతుంది, వాళ్ళనే అడగండి అన్నాడు. అడగక్కర్లేకుండానే జనం లేచారు. ఒద్దు పిన్నీ, మా గుడ్డలు కూడా ఊడతాయి అని చేతులడ్డం పెట్టారు. నిన్నటిదాకా అక్కా, పిన్నీ అని తిరిగిన మనుషులే ఆవిడ రెక్క పట్టుకుని లాగారు. ముసలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా పట్టుకున్న గొడుగు అంచు వదల్లేదు. పంటితో దారం కొరికి, ముక్క లాగేసుకుంది.

గొడుగుకి చిల్లు పడింది. చిల్లులోంచి ఎండ దిగి కింద కూర్చున్నవాళ్ళ మొహాన పడింది. వాళ్ళు గొడుగాయన్ని ఏమీ అనలేదు. ముసలమ్మనే తిట్టుకుంటూ పక్కకి జరిగారు.

ఆ లుంగీ ముక్కలో పాత పీలికలు కుక్కి, కుట్టి, ముసలమ్మ గుడ్డబంతి చేసింది. మరుసటి ఆదివారం ఉప్పువాడ మైదానంలో కొబ్బరిచిప్పతో సున్నం గీతలు గీసి, ఈల ఊదింది. గట్టు మీది పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోయి పేర్లు పెట్టుకుని వచ్చారు. ఉప్పు కావాలా, ఎండ కావాలా అని అడుగుతుంటే ముసలమ్మ మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆట ఆట్టే గొప్పగా లేదు. గుడ్డబంతి ఎగరలేదు. మనవరాలి జట్టు చిత్తుగా ఓడిపోయింది.

పద్ధతి ప్రకారం మనవరాలు బంతి చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరింది. మొహం చేటంత చేసుకుని, వీధి మధ్యలో నడుస్తోంది. ముసలమ్మ వెనకాల కొబ్బరిచిప్ప పట్టుకుని వస్తోంది.

వీధి మలుపులో గొడుగాయన నిలబడి ఉన్నాడు. బండి మీద విప్పిన గొడుగు వెంటే ఉంది. చిల్లు ఇంకా కుట్టించలేదు. పిల్లని చూసి, ఏడాది కిందటి ఆ మెత్తటి గొంతుతోనే, వంగి అడిగాడు.

"బరువుగా ఉందా అమ్మా? ఇలా ఇవ్వు, నేను మోస్తాను."

ముసలమ్మ కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఈల నోటిదాకా తెచ్చి, ఊదకుండా ఆగింది. పిల్ల ఏమంటుందో వినాలనిపించింది.

మనవరాలు బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని, ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ ఊరి వీధుల్లో బంతి మోసేవాళ్ళని ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"మీరు ఎవరి చేతిలో ఓడిపోయారు?"

ఆయన గొడుగు కొంచెం పిల్ల వైపు వంచాడు. నీడ వచ్చి ఆ పిల్ల చుట్టూ పడింది. చిల్లులోంచి దిగిన ఎండ బంతి మీద పడింది. పిల్ల ఆ ఎండ పడిన చోటే నిలబడింది.