మహారాజు మాట విన్న సూది

ఒకానొక రేవు రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, లోకంలో ప్రతిదీ తనవైపే తిరిగి ఉండాలన్న పిచ్చి ఒకటుండేది. ఆ కొలువులో రాజుకు వీపు చూపకూడదు. మంత్రులు సైతం వెనక్కి నడుచుకుంటూ, స్తంభాలకు గుద్దుకుంటూ బయటపడేవారు.

ఒకనాడు ఆయన రేవు పక్కనున్న బడికి వేంచేశాడు. పడవలు నడిపి పండిన పైడయ్య అనే ముసలి సరంగు అక్కడ పిల్లలకు దిక్కులు నేర్పుతున్నాడు. సూదిని సూదంటురాయితో రుద్ది, బెండుముక్కకు గుచ్చి, రాగిగిన్నెలోని నీళ్లమీద వదిలాడు. సూది మెల్లగా తిరిగి ఉత్తరం చూపింది. రాజు నిలుచున్నది దక్షిణాన.

తనకే వీపు చూపుతుందా అని రాజు మండిపడ్డాడు. తన వేలితో దాన్ని ఇటు తిప్పాడు. అది మళ్లీ అటే తిరిగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇంకేముంది, మూడు రోజుల్లో సూది తనవైపు తిరగాలనీ, లేకుంటే బడి మూసేసి పైడయ్య రాజ్యం విడిచిపోవాలనీ ఆజ్ఞ అయింది. పుట్టి పెరిగిన రేవును వదిలి ఆ వయసులో ఎక్కడికి పోవాలో తెలియక పైడయ్య కుమిలిపోయాడు.

కొలువులో చిట్టెన అనే చమత్కారి ఉన్నాడు. ఆయన పైడయ్య దగ్గరున్న సూదంటురాళ్లన్నీ అడిగి తీసుకుని, ఒక పట్టు నడికట్టులో గుట్టుగా కుట్టించాడు. మూడోనాడు దాన్ని రాజుకు సమర్పించి, ఇది కట్టుకుంటే సూది తమ ఆజ్ఞ మీరదని విన్నవించాడు.

రాజు గిన్నె చుట్టూ తిరిగాడు. సూదీ ఆయనతోపాటే తిరిగింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఉత్తరాన దీవిలో ఉన్న రాజమాతను తీసుకురావడానికి ఆ సూదితోనే, చిట్టెనను వెంటబెట్టుకుని స్వయంగా బయల్దేరాడు. పైడయ్యే పడవ నడపాలి, సూది చూపినవైపే నడపాలి.

సముద్రం మీద పొగమంచు కమ్మింది. రాజు గిన్నెకు కుడిపక్కన ఆనుకుని కూర్చుని అరిసెలు తింటున్నాడు. కాసేపటికి గంట వినిపించింది. దీవివాళ్లు కూడా మన రేవు గంటలాంటిదే పోయించుకున్నారే అని మెచ్చుకున్నాడు. ఇంకాసేపటికి మళ్లీ గంట. మూడోసారి మోగేసరికి మంచు వీడింది. ఎదురుగా తన రేవే ఉంది. ఒడ్డున మంత్రులు వంగి దండాలు పెడుతున్నారు.

"ఏమయ్యా, పొద్దుటినుంచి ఎక్కడికి నడిపావు?" అన్నాడు రాజు.

"తవఁరు కుడిపక్కన కూకున్నారు బాబూ. సూది తవఁర్నే సూసింది. నేను సూదిని సూసి కుడికే తిప్పుకుంటా పోయినాను" అన్నాడు పైడయ్య.

ఆలస్యమైతే తల్లి పెట్టే చీవాట్లు తలుచుకుని రాజుకు చెమటలు పట్టాయి. చిట్టెన చేతులు కట్టుకుని, నడికట్టులో రాళ్ల సంగతి ఒప్పేసుకున్నాడు.

"మనల్ని మోసే ఈ భూమే ఒక పెద్ద సూదంటురాయి ప్రభూ. సూది దాని మాట విని ఉత్తరం చూపుతుంది. పక్కన నేను చిన్నరాళ్లు పెడితే పాపం వాటి మాట విన్నది. దారి తెలియని చోట మనకు కావలసింది మన మాట వినే సూది కాదు, వినని సూది."

రాజు ముందు చిట్టెన వైపు, తర్వాత చేతిలోని అరిసె వైపు చూశాడు. ఉన్నట్టుండి పడవ ఊగేలా పగలబడి నవ్వాడు. నడికట్టు విప్పి ఒడ్డుకు విసిరాడు. సూది నెమ్మదిగా ఉత్తరానికి తిరిగింది. మధ్యాహ్నానికి దీవి చేరారు. చీవాట్లు మాత్రం తప్పలేదు.

రేవుకు తిరిగొచ్చాక చిట్టెనకు పట్టుశాలువా కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు రాజు. ఆ నడికట్టు చాలన్నాడు చిట్టెన. దాని కుట్లు విప్పి, బడిలో పిల్లలకు తలా ఒక రాయి పంచాడు.

పైడయ్య ఆ రేవులోనే ఉండిపోయాడు. రాజు అప్పుడప్పుడూ బడికి వచ్చి పిల్లల వెనక చాపమీద కూర్చునేవాడు. ముందున్న పిల్లలందరి వీపులూ ఆయనవైపే ఉండేవి. ఆయన మెడ చాచి, వాళ్ల భుజాల మీదుగా సూదినే చూసేవాడు.