రత్నకంబళి కింద ప్రాణం

వినండి పిల్లలూ! ఏడు సముద్రాలకు ఇవతల వేత్రపురమనే రాజ్యం. దానికి మణికుండలుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు: ప్రచండుడు, ప్రతాపుడు, సుమేధుడు.

ఒకరోజు ధూమ్రజటుడనే మాంత్రికుడు సభకు వచ్చి, "రాజా, నీ సింహాసనం నాకివ్వు" అన్నాడు.

రాజు నవ్వాడు. మాంత్రికుడు పళ్లు కొరికి, "పున్నమి దాకా గడువు. ఈలోపు నీ ఇంటి దుమ్మే నీకు శత్రువవుతుంది!" అని మాయమయ్యాడు.

మర్నాటికి కోట నిండా గోమార్లు, కుక్కల ఒంటి మీద ఎగిరే ఆ చిన్న పురుగులు! ఇంట్లో గోమార్లు, పెరట్లో గోమార్లు, పరుపుల్లో గోమార్లు. ఎగిరి దూకేవి, కుట్టేవి, రక్తం తాగేవి. నిద్ర లేక కావలివాళ్లు నిలబడే తూలారు. రాజుకు మతి తప్పేలా అయింది.

పెద్దకొడుకు కత్తి దూశాడు. గోమారి తెగలేదు, పరుపులు తెగాయి. రెండోవాడు బుట్టెడు సాంబ్రాణి తగలబెట్టాడు. మనుషులు దగ్గారు, గోమార్లు దగ్గలేదు.

"అంతా ఈ కుక్క వల్లే!" అని ఇద్దరూ కోటకుక్క మల్లెడిని తన్ని తరిమారు.

మూడోవాడు సుమేధుడు మల్లెడిని ఎత్తుకొచ్చాడు. కుంకుడు రసంతో తన చేతులతోనే దాని ఒళ్లు రుద్దాడు. మామూలు నీళ్ల మీద తేలి మళ్లీ ఎగిరే గోమార్లు కుంకుడు నీళ్లలో బుడుంగున మునిగాయి! ఇల్లు మూలమూలా ఊడ్చాడు, చాపలూ పరుపులూ ఎండలో దులిపాడు, పెరట్లో చెత్త ఎత్తి కాల్చాడు. అయినా నాలుగు రోజులకు మళ్లీ గోమార్లు!

అప్పుడు మల్లెడు నోరు విప్పింది. "చిన్నదొరా, నా ఒళ్లు కడిగావు గనక చెబుతున్నా. ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటారు. పద, నేనూ వస్తా!"

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు మూలుగుతోంది. మెడ నిండా జలగలు. సుమేధుడు వాటిని తీసేశాడు. "ఎక్కు నాయనా!" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు!

అక్కడ రాతికోటలో ఇందులేఖ అనే రాజకుమారి బందీగా ఉంది. ఆమె చేతిలో పంజరం, పంజరంలో చిలక. సుమేధుడు చెయ్యి చాచగానే చిలక అరిచింది.

"ఆగవయ్యా! వచ్చినవాడల్లా నా మెడ మీదికే వస్తాడు. వాడి ప్రాణం నాలో లేదు, తల్లి గోమారిలో ఉంది. అది మీ ఇంట్లోనే ఉంది, చీపురు తగలని చోట!"

"మూలమూలా ఊడ్చాను!"

"మూలమూలా?"

సుమేధుడు నుదురు కొట్టుకున్నాడు. సింహాసనం కింద రత్నకంబళి! పట్టాభిషేకం నాడు పరిచింది. రాజు బతికుండగా దాన్ని ఎత్తితే రాజ్యం పోతుందని వాళ్ల ఆచారం. అది ఎత్తాలన్న తలంపే అతనికి రాలేదు.

"దీపం కనిపిస్తే అది దూకుతుంది, గుర్తుంచుకో" అంది చిలక.

ఇందులేఖనూ చిలకనూ తీసుకుని వచ్చేసరికి పున్నమి సాయంత్రం. ధూమ్రజటుడు సభలో నిలబడ్డాడు. రాజు సింహాసనం దిగుతున్నాడు!

"తలుపులు ముయ్యండి!" అని సుమేధుడు కంబళి అంచు పట్టుకున్నాడు.

"వద్దురా! తాతల నాటి ఆచారం, రాజ్యం పోతుంది!" అన్నాడు రాజు.

"ఎత్తకపోతే ఇప్పుడే పోతోంది కదా, నాన్నగారూ!"

ఒక్క లాగు! గుప్పున దుమ్ము లేచింది. చింతగింజంత తల్లి గోమారి బయటికి దూకింది. చీకటి సభలో ఇందులేఖ తాను తెచ్చిన కుంకుడు నీళ్ల పళ్లెం మధ్య దీపం వెలిగించింది.

"దాన్ని ఆర్పండి! ఆర్పండి!" అని మాంత్రికుడు పరుగెత్తాడు. మల్లెడు వాడి పిక్క పట్టుకుంది. తల్లి గోమారి వెలుగు మీదికి ఎగిరింది, పళ్లెంలో పడింది, బుడుంగున మునిగింది. ధూమ్రజటుడు కుప్పకూలాడు, పడిన చోట పిడికెడు బూడిద మిగిలింది.

సుమేధుడికీ ఇందులేఖకూ పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ పెళ్లిపందిట్లో మల్లెడికి స్వయంగా స్నానం చేయించారు. తండ్రి తర్వాత సుమేధుడు రాజై చాలాకాలం ఏలాడు. ప్రతి పున్నమికీ తానే దిగి రత్నకంబళి ఎత్తి ఎండలో దులిపేవాడు. నౌకరును పిలవలేదు, ఒక్కసారీ మానలేదు.

కథ విన్నారుగా? లేవండి మరి. మీ పరుపు కింద ఊడ్చి ఎన్నాళ్లయింది?