గుర్రం మీది జరీ గుడ్డ

పూర్వం ఒక కోటలో ఆడవాళ్లకు పరుగుపందెం పెట్టారు. అందరూ మడమల దాకా పట్టుచీర కట్టే పరుగెత్తాలని కోట సేనను నడిపే దళవాయి హుకుం జారీ చేశాడు. గోచీ పోసి నేతచీర కట్టుకొచ్చిన కోడలు పైడితల్లి, "అలా కట్టుకుని పరుగెత్తలేనత్తా," అని ముఖం వేలాడేయడం చూసి అత్త సింహాలు ప్రాణం ఉసూరుమంది.

అంతలో దళవాయి తన పందెపు గుర్రం మీది జరీ గుడ్డ విప్పించసాగాడు.

"అదెందుకు బాబూ తీయించేస్తున్నారు?" అంది సింహాలు.

"కాళ్లకు అడ్డం పడుతుంది. దీనికి ఇష్టముండదు."

"అది చెప్పిందా బాబూ?"

"చెప్పాలా? చూస్తే తెలియదూ?" అంటూ దాని మెడ నిమిరాడు.

"నా కోడలు నోరు తెరిచి మరీ చెబుతోంది బాబూ."

దళవాయి చెయ్యి గుర్రం మెడమీదే ఆగిపోయింది. పైడితల్లి వైపు తిరిగి, "నువ్వేం కట్టుకుని పరుగెత్తుతావమ్మా?" అని అడిగాడు.

"ఇదేనండి," అంది పైడితల్లి.

సింహాలు వంగి కోడలి గోచీ ఇంకాస్త బిగించింది.