పసుపంటిన బియ్యం

కృపామణికి ప్రార్థన రావడం మానేసింది.

ఈ మాట ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్విపోతారు. లంకపాలెం సంఘంలో ప్రార్థన అంటే కృపామణే. స్త్రీల సమాజానికి ఎనిమిదేళ్ళుగా అధ్యక్షురాలు. పెళ్ళి కుదిరినా, ఇంటికి పునాది తీసినా, పిల్లకి జ్వరమొచ్చినా ముందు ఆమెకే కబురు వెళ్తుంది. "సర్వోన్నతుడవును కరుణాసంపన్నుడవునైన తండ్రీ" అని ఆమె గొంతెత్తితే వెనక వరసలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారు. "అక్క మొదలెట్టేలోపు పొయ్యి మీద పాలు దించుకుని రండే" అని ఆడవాళ్ళు వేళాకోళం చేస్తారు గానీ, ఆమె లేని కూడిక చప్పగా ఉంటుందని వాళ్ళకీ తెలుసు.

అలాంటి మనిషికి నెల్లాళ్ళుగా నోట ముక్క రావడం లేదు.

నెల కిందట కొడుకు సుహాస్ మోటారు సైకిలు కాలవ వంతెన మీద జారి, ఎదురొచ్చే ట్రాక్టరు కింద పడింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో అద్దాల తలుపుకి అవతల వాడు, ఇవతల ఆమె. పదకొండో రోజు వాడు కళ్ళు తెరిచి, "అమ్మా, దాహం" అన్నాడు. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. కూరలో ఉప్పు లేదని విసుక్కుంటున్నాడు కూడా. ఆ విసుగు చెవిన పడినప్పుడల్లా ఆమెకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టుంటుంది.

శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. అందరికీ కోడికూర భోజనాలు. పాస్టరు గారు ముందే చెప్పేశారు.

"సాక్ష్యం మీరే చెప్పాలమ్మా. తల్లి ప్రార్థన బిడ్డని ఎలా బతికించిందో సంఘమంతా వినాలి."

ఆ మాట విన్నప్పట్నుంచీ కృపామణికి అన్నం సయించలేదు.

గురువారం పొద్దున్నే పెద్ద స్టీలు క్యాను నిండా బియ్యం పోసుకుని రూతమ్మ గారి దగ్గరికి బయల్దేరింది.

రూతమ్మ ఆ సంఘానికి బైబిలమ్మ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, చదువు రాని ఆడవాళ్ళకి బైబిలు చదవడం నేర్పించే పని నలభై ఏళ్ళు చేసింది. కొత్త కోడలుగా వచ్చిన కృపామణిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిందీ, ప్రార్థన నేర్పించిందీ ఆవిడే. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. ఒక కన్ను పూర్తిగా ఆనదు. గుడి వెనక ఒంటిగదిలో ఉంటుంది. గుప్పెడు బియ్యం లెక్క మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

గుప్పెడు బియ్యమంటే ఆ సంఘంలో పాత అలవాటు. పూట పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి, దేవుడి పేరు తలచుకుని, పక్కనున్న డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తుంది. అందరివీ కలిపి, ఏరి, దిక్కులేనివాళ్ళకి పంచుతారు.

రూతమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. ముందు చాట నిండా బియ్యం.

"నాలుగు ఆదివారాలు తప్పిపోయాయి కదండీ. అన్నీ కలిపి తెచ్చాను" అంది కృపామణి, క్యాను పక్కన పెడుతూ.

రూతమ్మ క్యానులో చెయ్యి పెట్టి చూసింది. "సన్నబియ్యం. బాగున్నాయి" అంది. "పిల్లోడెలా ఉన్నాడు?"

"తిడుతున్నాడండీ."

"అయితే బాగున్నాడు."

ఇద్దరూ కాస్త నవ్వారు. కృపామణి నవ్వు మధ్యలోనే తెగింది.

"అమ్మగారూ, శనివారం నేను సాక్ష్యం చెప్పలేను."

"ఏం?"

"అంతా నా ప్రార్థనే బతికించిందంటున్నారు. నేను చెయ్యలేదండీ. పదకొండు రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి చెయ్యలేదు. నోరు తెరిస్తే మాట లేదు. ఆ తలుపు కేసి చూస్తూ కూర్చున్నానంతే. ఎవరెవరో వచ్చి చేసి వెళ్ళారు. నా పిల్లోడికి నేను చెయ్యలేకపోయాను."

రూతమ్మ చాటలో బియ్యం వేళ్ళతో సర్దుతోంది.

"ఇప్పుడూ రావడం లేదండీ. వాణ్ణి దేవుడు తిరిగిచ్చాడు కదా, కనీసం థాంక్స్ చెబుదామని మోకరిస్తే, ఎవరో తెలియనివాళ్ళింటికెళ్ళి తలుపు కొట్టినట్టుంటోంది. ఇరవై రెండేళ్ళుగా నేను మాట్లాడింది ఆయనతోనేనా, వెనక కూర్చున్నవాళ్ళతోనా? ఆయనకీ నాకూ అసలు పరిచయముందా?"



రూతమ్మ చాటని ఆమె వైపు జరిపింది.

"ఇవి కాస్త ఏరిపెట్టమ్మాయ్. నాకు ఆనడం లేదు."

కృపామణి ఆవిడ మొహంలోకి చూసింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మొహమేం కాదు గానీ, తల్లి మొహం కంటే ఎక్కువసార్లు చూసిన మొహం. కొంగు దోపుకుని చాట ముందు కూర్చుంది.

బియ్యంలో ఓ ఆవగింజ దొరికింది. తీసి పక్కన పెట్టింది.

"ఏం దొరికింది?" అంది రూతమ్మ.

"ఆవగింజండీ."

"సలోమిది. పోపు చిటపటలాడేదాకా దానికి గుప్పెడు సంగతి గుర్తురాదు. ఆ చేత్తోనే వేసేస్తుంది."

ఇంకాసేపటికి రెండు మిరపగింజలు.

"దీనమ్మవి. మొగుడి మీద కోపమొస్తే పచ్చడి నూరుతుంది. ఈ వారం రెండుసార్లు నూరినట్టుంది."

ఆ తర్వాత ఓ చింతపండు పీచు. ఆ తర్వాత ఎర్ర పూస ఒకటి, పిల్లల చేతి గొలుసులోది.

"మార్తమ్మ మనవరాలు. గుప్పెడు తనే వేస్తానని పేచీ. దాని గుప్పెట్లో ఎన్ని పడతాయి, ఇరవై గింజలు."

కృపామణికి తెలియకుండానే పెదాల మీదికి నవ్వొచ్చింది. ఏరుతూ, ఏరుతూ, మామూలుగా అడిగింది.

"మా ఇంటి బియ్యంలో ఏముంటాయండీ?"

"ఏమీ ఉండవు" అంది రూతమ్మ. "ఎనిమిదేళ్ళుగా శుభ్రంగా ఉంటాయి."

కృపామణి చెయ్యి చాటలో ఆగిపోయింది.

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. వాన వచ్చిందన్నట్టే చెప్పింది. అయినా కృపామణికి చెవులు వేడెక్కాయి.

"శనివారం గ్లాసుతో కొలిచి పోసేస్తానండీ" అంది చివరికి. "కూడికలు, తిరుగుళ్ళు. పూట పూటా ఎక్కడ కుదురుతుంది? పద్నాలుగు గుప్పెళ్ళకి నాలుగు గ్లాసులు పోస్తాను. తక్కువ మాత్రం పొయ్యనండీ."

"తెలుసు. ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి."

రూతమ్మ గోడ పట్టుకుని లేచింది. గదిలోకి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి ఆవిడ చేతిలో కాలెండరు కాగితం పొట్లం ఒకటుంది. చిన్నది, మందు పొట్లమంత. పీట మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, మడతలు విప్పింది.

లోపల బియ్యం. గుప్పెడుంటాయేమో. మామూలు తెల్ల బియ్యం కాదు. పసుపు పచ్చగా, ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టి, ఎండిపోయి ఉన్నాయి.

"ఇవి నీవి" అంది.

కృపామణికి అర్థం కాలేదు.

"ఆ రోజు చేపలేనా మీ ఇంట్లో?"

చేపలే. కృపామణికి అంతవరకే గుర్తుంది. చేప ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించింది. అన్నానికి బియ్యం తీద్దామని అదే చేత్తో డబ్బా మూత తీసింది. చెయ్యి బియ్యంలో ఉండగా ఫోను మోగింది. రెండో చేత్తో ఎత్తింది. ఆ తర్వాత ఆసుపత్రి బెంచీ. మధ్యలో ఏం జరిగిందో ఎంత తవ్వుకున్నా రాదు.

"గుడి ముందు నుంచి పరిగెత్తుతున్నావు" అంది రూతమ్మ. "చెప్పుల్లేవు. ఆటోని నేనే కేకేసి ఆపాను. ఎక్కించబోతే నీ కుడి చెయ్యి పట్టు దొరకదే. పిడికిలి బిగించేశావు. పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. ఇవి నా చేతిలో పడ్డాయి."

కృపామణి తన కుడి అరచెయ్యి చూసుకుంది.

"అన్నిట్లో కలపబుద్ధి కాలేదు. దాచాను."

వసారా ముందు కోడి ఒకటి తచ్చాడుతోంది. రూతమ్మ దాన్ని కాలితో అదిలించి, పొట్లం కృపామణి ఒళ్ళో పెట్టింది.

"అప్పుడు నువ్వొక మాటన్నావు. గుర్తుందా?"

"లేదండీ. మీతో ఏమన్నాను?"

"నాతో కాదు."

కృపామణి తలెత్తింది.

"నీకెదురుగా నేనే ఉన్నాను. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది. కానీ నువ్వు నాకేసి చూళ్ళేదు. 'అయ్యా, నా పిల్లోడు' అన్నావు. అంతే. ఆటో కదిలింది."

కృపామణి ఆ పసుపు బియ్యం కేసి చూసింది. ఓ గింజ కాగితం మడతలో ఇరుక్కుంటే గోటితో తీసి మిగిలినవాటిలో కలిపింది. ఏడుపు రాలేదు. రొమ్ములో ఎక్కడో నెల్లాళ్ళుగా బిగబట్టి ఉన్నదేదో మెల్లగా వదులైంది.

లేవబోతూ క్యాను వైపు చూసి, సిగ్గుపడుతూ అడిగింది.

"మరి ఇవి తీసుకెళ్ళిపోనాండీ?"

"ఎందుకు? పేదవాళ్ళకి ఆకలే కదా. అక్కడ పెట్టు" అంది రూతమ్మ.

శనివారం సాయంత్రం వాకిట్లో చాపలు పరిచారు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. పెరట్లో కోడికూర ఉడుకుతున్న వాసన పాటల మీదుగా వచ్చి అందర్నీ తొందరపెడుతోంది. సుహాస్ కుర్చీలో కూర్చుని, తన మీద చెయ్యి వేసి తల నిమిరే ముసలమ్మలందర్నీ ఓర్చుకుంటున్నాడు.

కృపామణి లేచి నిలబడింది. సలోమి పక్కావిడ చెవిలో, "పొయ్యి ఆర్పేసి రానా?" అని గొణిగింది.

"ఆసుపత్రిలో నేను ప్రార్థన చెయ్యలేకపోయాను" అంది కృపామణి. "ఒక్క మాట రాలేదు. మీరందరూ చేశారు. నా సాక్ష్యం ఇంతే."

పాస్టరు గారు ఒక క్షణం తడబడి, "సరేనమ్మా, కృతజ్ఞతా ప్రార్థన కూడా మీరే చెయ్యండి" అని కళ్ళు మూసుకున్నారు. అందరూ తలలు వంచారు.

కృపామణి చేతులు జోడించింది. వంట మధ్యలోంచి వచ్చిన చేతులు, గోళ్ళ చుట్టూ పసుపు. పాత మాటలు నాలుక చివర బారులు తీరి నిలబడ్డాయి. ఆమె వాటిని పిలవలేదు. కళ్ళు మూసుకోవడం కూడా మరిచిపోయి కొడుకు కేసి చూసింది. వాడు తల వంచుకుని, కర్ర కొసతో చాప అంచు గీకుతున్నాడు.

"అయ్యా" అంది. "నా పిల్లోడు."

అక్కడితో ఆగిపోయింది.

అందరూ వంచిన తలలు వంచినట్టే ఎదురు చూశారు. పెరట్లో మూత చప్పుడైంది. పాస్టరు గారు ఒక కన్ను తెరిచి చూశారు. ఆమె నిలబడే ఉంది. మొహం నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

గోడవార చాప మీంచి రూతమ్మ గొంతు వినపడింది.

"ఆమేన్ అనండి పాస్టరు గారూ. అయింది."