ఎంగిలైన తిరమిసు

ఈ కథ నాకు మొదట చెప్పింది చిట్టెమ్మ. భీమిలి అవతల కొండమీద ఎర్రయ్యస్వామి ఆశ్రమంలో వంటంతా ఆమె చేతిమీదే నడిచేది. కట్టెలు తోలేది నేను, వండేది ఆమె. తన కళ్లముందు జరిగింది నాకు చెప్పింది. ఇప్పుడు వేరేవాళ్లు వేరేగా చెప్పుకుంటున్నారు గనక నేను నోరు విప్పాల్సొచ్చింది. విన్నది విన్నట్టు చెబుతాను. ఒక్క మాట కలపను.

ఆశ్రమంలో తిమోఫేయ్ అని ఒక రష్యా శిష్యుడు ఉండేవాడు. ఆ పేరుకి నోరు తిరక్క చిట్టెమ్మ అతన్ని తిమ్మయ్య అనేది. స్వామి కూడా అలాగే పిలిచేవారు. తన ఊళ్లో మిఠాయి దుకాణంలో పెద్ద పనివాడట. పని తెలిసినవాడే, కాదనను. కాని చిట్టెమ్మ ఏది వండినా "ఇలా కాదు" అనకుండా ఉండలేకపోయేవాడు.

ఇటలీ ముసలమ్మ ఒకామె కూడా ఉండేది, లూచియమ్మ. ఆమెకి జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గాని తిండి మానేసింది. గంజి వద్దు, పాలు వద్దు, పండు వద్దు. డాక్టరు చూసి, "మందుతో అయ్యేది అయింది. ఇక తిండి పడకపోతే మనిషి దక్కదు. ఏదడిగితే అది పెట్టండి" అని వెళ్లిపోయాడు.

ఆమె అడిగింది ఒకటే. వాళ్లమ్మ చేసిపెట్టే తిరమిసు.

"అదేటి బాబూ?" అంది చిట్టెమ్మ.

"కాఫీలో ముంచిన బిస్కెట్టు ఒక పొర. దానిమీద వెన్నలాంటి చీజు ఒక పొర. ఆ పైన కోకో పొడి" అన్నాడు తిమ్మయ్య. "ఇటలీవాళ్లకన్నా నేనే బాగా చేస్తాను. చూస్తూ ఉండు."

అనేసి సామాన్ల గదిలోకి వెళ్లాడు. వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. చిట్టెమ్మ వెళ్లి చూస్తే డబ్బాల మధ్య నిలబడి తల గోక్కుంటున్నాడు. ఆ ఆశ్రమంలో కాఫీపొడి వాడరు. చీజు లేదు. బిస్కెట్టుకి కావలసిన గుడ్డు కొండెక్కదు. కోకో పేరు విన్నవాళ్లే లేరు.

ఏం చేస్తాడు! తనకి తెలిసిన దారే పట్టాడు. బిస్కెట్టుకి బదులు వాళ్ల అమ్మమ్మ చేసే తేనెరొట్టె. గోధుమపిండిలో కొండతేనె, వెన్న, శొంఠి వేసి పల్చగా ఒత్తి పెనం మీద కాల్చాడు. కాఫీకి బదులు పాలు పొయ్యని చిక్కటి టీ డికాక్షను. చీజుకి బదులు మీగడ పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీశాడు. వాళ్ల దేశంలో పుల్లటి మీగడ లేనిదే ముద్ద దిగదట. కోకోకి బదులు ఒక రొట్టెని నల్లగా మాడ్చి దంచాడు.

ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా చేతులు ఆపి అడిగేవాడట. "చిట్టెమ్మా, ఇప్పుడు ఇది ఇటలీదేనా?"

"ఏమో బాబూ."

మళ్లీ కాసేపటికి, "ఇప్పుడో? రష్యాది అయిపోయిందా?"

"నాకేటి తెలుసు! నీ పేరు మార్చి తిమ్మయ్య అంటన్నాను. నువ్వు పలకడం మానేసినావా?"

అతను నవ్వలేదు. స్టీలు గిన్నెలో పొరలు పేర్చి, మూతపెట్టి, తెల్లారేదాకా తడి ఇసుకలో ఉంచాడు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఆ వంటశాలలో వండినవాళ్లు రుచి చూడరు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పాల్సిందే. వడ్డించేదాకా నాలిక మీద పెట్టకూడదు. పెడితే ఎంగిలి. ఎంగిలైతే పశువులకే.

పొద్దున్నే చిట్టెమ్మ వచ్చేసరికి తిమ్మయ్య మూత తీసి, ఒక మూల చెంచా అంచుతో పొర మీద పొర లేపి నాలిక్కి రాసుకుంటున్నాడు. పైపొడి నాకాడు, మొహం చిట్లించాడు. మీగడ నాకాడు, తల అడ్డంగా ఊపాడు. అడుగు రొట్టె కొరికాడు.

"అయ్యో, అయ్యో! ఎంగిలి చేసీసినావా! ఆ ముసలామెకి ఏటి పెడతావిప్పుడు?"

చేతిలో చెంచా చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నియమం. పాపం, దుకాణం అలవాటు.

"పెట్టడానికి ఏముంది?" అన్నాడు. "పైది మసి. మధ్యది పులుపు. అడుగుది చేదు. ఆమె అమ్మది కాదు, మా అమ్మమ్మదీ కాదు. ఇదేమిటో నాకే తెలియడంలేదు. ఆవుకి పడేస్తాను."

గిన్నె పట్టుకుని గుమ్మం దాటబోతుంటే ఎర్రయ్యస్వామి ఎదురొచ్చారు. ఆయనకి వంట రాదు. అన్నం వార్చడం కూడా తెలియదు.

"ఎక్కడికి తిమ్మయ్యా?"

"ఎంగిలైపోయింది స్వామీ. చెడిపోయింది కూడా. ఇది ఎవరిదో, ఏమిటో చెప్పలేను. ఏం పేరు చెప్పి ఆమె ముందు పెట్టను?"

స్వామి గడప మీద కూర్చున్నారు. గిన్నె ఒళ్లో పెట్టుకుని, తిమ్మయ్య చేతిలోని చెంచానే తీసుకున్నారు. చిట్టెమ్మ "స్వామీ, ఎంగిలి" అంటూనే ఉంది. అతను తవ్విన మూలనే చెంచా నిలువుగా, అడుగు తగిలేదాకా దించారు. నిండుగా తీసి నోట్లో పెట్టుకున్నారు. నెమ్మదిగా నమిలారు.

"నువ్వు మూడు తిన్నావు. నేను ఒకటి తిన్నాను" అన్నారు.

అంతే. లేచి, ఆ గిన్నె తీసుకుని లూచియమ్మ గదికి నడిచారు. వెనక తిమ్మయ్య, ఆ వెనక చిట్టెమ్మ.

లూచియమ్మ నోరు తెరవడమే గొప్ప అనుకున్నారు. తెరిచింది. స్వామి ఒక చెంచా పెట్టారు. చాలాసేపు కళ్లు మూసుకుంది.

"ఇది తిరమిసు కాదు" అంది.

తిమ్మయ్య తలదించుకున్నాడు.

"ఎవరు చేశారు?"

"నేనమ్మా."

"నీకెవరు నేర్పారు?"

"మా అమ్మమ్మ."

ఆమె అతని మొహంకేసి చూసింది. "గిన్నె ఇక్కడే పెట్టి వెళ్లు" అంది.

మధ్యాహ్నానికి చిట్టెమ్మ వెళ్లి చూస్తే గిన్నె ఖాళీ. తిమ్మయ్యకి చెప్పిందట. ఆ పూట చిట్టెమ్మ వండిన పప్పు వడ్డించుకుని, ఇలా కాదు అనకుండా తిన్నాడు.

జరిగింది ఇది. ఇప్పుడు ప్రవచనాలు చెప్పే దక్షిణామూర్తిగారు ఏటేటా ఆశ్రమానికొచ్చి దీన్ని వేరేగా చెబుతున్నారు. గిన్నెలో ఐదు పొరలట. స్వామి వాటిని చూపించి, మనిషిలో ఆత్మని కప్పే పొరలు కూడా ఐదేనని పంచకోశాల మీద పూటంతా ఉపన్యసించారట. ఎర్రయ్యస్వామి పూటంతా మాట్లాడటం ఎవరైనా విన్నారా? పొరలు మూడేనండీ అని నేను లేచి చెబితే, "కట్టెలు కొట్టేవాడికి కోశాలేం తెలుసు" అన్నారు సభలో. నలుగురూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

పైగా ఆ ఐదు పొరల కథే భోజనశాల గోడమీద రాయించారు. అందులో తిమ్మయ్య పేరు లేదు, చిట్టెమ్మ పేరూ లేదు.

నాకు సంతకం మించి రాయడం రాదు. రాయడం వచ్చినవాళ్లెవరైనా వెళ్లి ఆ గోడ సరిచేయండి. ఐదు కొట్టేసి మూడు అని పెట్టండి. అది తిన్నాక స్వామి అన్నవి రెండే మాటలని పెట్టండి. ఇంకొకటి కూడా. లూచియమ్మ గదిలోంచి వచ్చాక, ఆ ఎంగిలి చెంచా స్వామి తన చేత్తోనే కడిగి తిమ్మయ్య చేతిలో పెట్టారు. అది వదిలెయ్యకండి.