చెంగికి ఈత రాదు

దగ్గరికి జరగండర్రా. వెనకాలవాళ్లు కూడా. ఒక్క మాట ముందే చెబుతున్నా, మధ్యలో "తర్వాత? తర్వాత?" అని నన్ను తొందరపెట్టారంటే కథను సగంలోనే కంచికి పంపించేస్తాను. ఆ!

అనగనగా ఒక అడవిలో చెంగి అనే జింక ఉండేది. ఆ అడవిలో ఎటు చూసినా ఇప్పచెట్లే. ఎండాకాలం మొదలయ్యే ముందు ఇప్పపూలు రాలతాయి. లావుగా, రసంతో, తేనెలో ముంచి తీసినట్టు ఉంటాయి. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఆ ఏడాది రాలిన మొట్టమొదటి పువ్వును ఎవరు పడితే వాళ్లు తినకూడదు. పరుగు పందెంలో గెలిచినవాళ్లే తినాలి. వాళ్లు తిన్నాకే మిగతా అడవి నోరు తీపి చేసుకోవాలి.

నాలుగేళ్లుగా ఆ పువ్వు చెంగిదే. చెంగి పరుగు మొదలుపెడితే కాళ్లు నేలకు తగులుతున్నాయా లేదా అని పందెం కాసేవాళ్లు. ఆ పువ్వు నమిలేటప్పుడు అడవంతా తనవైపు చూస్తుంది చూడండి, ఆ చూపంటే చెంగికి ప్రాణం. ఐదో ఏడు కూడా తనదేనని ధీమాగా ఉంది.

ఇంతలో ఏటి పైనుంచి ఒక కొంగ వచ్చింది. పొడుగు కాళ్లు, దానికంటే పొడుగు ముక్కు. జంతువులన్నిటినీ పిలిచి గొంతు సవరించుకుంది.

"పై అడవుల్లో జరిగే పెద్ద పందెం ఈసారి మీ అడవికి వస్తోంది," అంది కొంగ. "పేరు ముప్పేట పందెం. మొదటి పేట ఈత. కలువమడుగు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. రెండో పేట ఎక్కుడు. గుండ్రాళ్ల గుట్ట ఎక్కి అవతలికి దిగాలి. మూడో పేట పరుగు. మైదానమంతా చుట్టి పెద్ద ఇప్పచెట్టును ముట్టుకోవాలి. పొద్దున మొదలుపెడితే పొద్దు గుంకేలోపు అయిపోవాలి. మధ్యలో కునుకులు లేవు, కబుర్లు లేవు."

అడవికి పెద్ద ఎలుగుబంటి. ఆయన్ను అందరూ పెదనాయన అనేవాళ్లు. ఆయన లేచి నిలబడ్డాడు. "భేష్! అయితే ఈసారి ఉత్త పరుగు పందెం ఉండదు. మొదటి పువ్వు ముప్పేట గెలిచినవాళ్లదే. అప్పటిదాకా ఆ పువ్వుకు కాపలా నేనుంటా," అన్నాడు.

ఇప్పపూలంటే ప్రాణం పెట్టే ఎలుగుబంటి ఆ పువ్వుకు కాపలానా! అందరూ మొహమొహాలు చూసుకున్నారు. కానీ ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికుంది?

ఇక చూడాలి సందడి! నీటికుక్క బుడుంగు మీసాలు దువ్వుకున్నాడు. "మడుగా? అది నా ఇల్లు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడానికి పందెమా?" అన్నాడు.

కొండముచ్చు కొమ్మయ్య తోక ఊపాడు. "గుట్ట నాకు లెక్కా! మీరంతా కింద రొప్పుతుంటే నేను పైన కూర్చుని రేగుపళ్లు తింటా," అన్నాడు.

అడవిపంది మాత్రం, "గెలిచినా గెలవకపోయినా సరే, దారిలో బురద ఉంటుందా?" అని అడిగింది.

అప్పుడు అందరూ చెంగివైపు తిరిగారు. "నీకేంటమ్మా, పరుగుల రాణివి!" అన్నారు.

"నాదేముంది, చూద్దాం," అంది చెంగి నవ్వుతూ. నవ్వింది కానీ మడుగువైపు మాత్రం చూడలేదు. ఎందుకో తెలుసా? చెంగికి ఈత రాదు. పసికూనగా ఉన్నప్పుడు వాగులో జారిపడింది. వాళ్లమ్మ చెవి పట్టి ఈడ్చకపోతే ఆ రోజే కొట్టుకుపోయేది. అప్పటినుంచి నీళ్లు తాగాలన్నా ముందుకాళ్లు మాత్రమే తడుపుకునేది. ఈ సంగతి వాళ్లమ్మకు తప్ప ఒక్క ప్రాణికి కూడా తెలియదు. చెంగి తెలియనివ్వలేదు.

మరి పందెం వస్తోందంటే ఏం చేయాలి? ఈత నేర్చుకోవాలి కదా? ఊహూ. చెంగి ఏం చేసిందో వినండి. పరుగు తీసింది! రోజూ సాయంత్రం మైదానంలో, అందరూ చూస్తుండగా, రయ్యిమని. చూసినవాళ్లంతా "అబ్బ! ఏం పరుగమ్మా!" అనేవాళ్లు. అది వినగానే చెంగి మడుగు సంగతి మరిచిపోయేది. పడుకునే ముందు మళ్లీ గుర్తొచ్చేది. పొద్దున లేచి మళ్లీ పరుగే. వచ్చినదాన్నే వందసార్లు చేస్తే రానిది వస్తుందటర్రా? నాకు ఒళ్లు మండుతుంది ఇది చెబుతుంటే.

పందెం ఇక పది రోజుల్లో ఉందనగా చెంగికి భయం ముదిరింది. మిట్టమధ్యాహ్నం, అడవంతా నీడల్లో నిద్రపోయే వేళ, ఎవరూ చూడకుండా మడుగు వెనక్కి వెళ్లింది. అక్కడ రెల్లు ఏపుగా పెరిగి ఉంటుంది. దాని చాటున కాస్త ఇసుక, కాస్త లోతు తక్కువ నీళ్లు.

రెల్లు తప్పించి చూసేసరికి ఇసుకలో ఏదో ధబ్ ధబ్ మని పరిగెడుతోంది. నాలుగు అడుగులు వేస్తుంది, బోర్లా పడుతుంది. లేస్తుంది, తిట్టుకుంటుంది, మళ్లీ పడుతుంది.

"బుడుంగు మామా!" అంది చెంగి.

బుడుంగు ఉలిక్కిపడ్డాడు. మూతి నిండా ఇసుక. "నే... నేనా? ఉంగరం పోయింది, వెతుక్కుంటున్నా," అన్నాడు.

"నీటికుక్కకు ఉంగరమేంటి మామా?"

బుడుంగు మూతికంటిన ఇసుక తుడుచుకున్నాడు. తర్వాత కళ్లు చిన్నవి చేసి చూశాడు. "నా సంగతి సరే, నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? ఆ వెనక్కాళ్లెందుకు వణుకుతున్నాయి?"

చెంగికి ఏడుపు తన్నుకొచ్చింది. ఎన్నేళ్లుగానో లోపల దాచుకున్న మాట ఒక్కసారిగా బయటపడింది. "నాకు ఈత రాదు మామా. నీళ్లంటే భయం!"

బుడుంగు నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. ఇసుకలో చతికిలబడి, "నాకు పరుగు రాదే అమ్మాయ్. పొట్టి కాళ్లు. నాలుగు బారలు పోయేసరికి ఊపిరాడదు," అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ రోజునుంచి రెల్లు చాటున బడి మొదలైంది. మొదటి రోజు చెంగి మోకాళ్లదాకా దిగి, చేప ఒకటి కాలికి తగిలిందని ఒడ్డెక్కి పారిపోయింది. రెండో రోజు మెడదాకా దిగి, సగం మడుగు తాగేసింది. మూడో రోజు బుడుంగు పక్కనే ఈదుతూ, "నీళ్లతో కొట్లాడకే! మెడ సాచు. కాళ్లు నేలమీద నడిచినట్టే ఆడించు. నీళ్లే నిన్ను మోస్తాయి," అన్నాడు. చెంగి మెడ సాచింది. కాళ్లు ఆడించింది. తేలింది! "మామా, తేలుతున్నా! చూడు మామా!" అని అరిచి, ఆ సంబరంలో మళ్లీ ఒక గుక్క తాగింది.

ఆ వెంటనే బుడుంగు వంతు. "నువ్వు పొట్ట ఈడుస్తున్నావు మామా. నడుం లేపు. మొదట్లోనే ఉరకకు. ఊపిరి ఎంత అందితే అంతే వేగం," అని చెంగి చెప్పేది. ఆయన నడుం లేపేవాడు. కాసేపటికి మళ్లీ పొట్ట ఈడ్చేవాడు. "నడుం!" అని అరిచేది. మళ్లీ లేపేవాడు.

అయిదో రోజున కొంప మునిగింది. చెట్టుమీద చిలకమ్మ కునుకు తీస్తూ ఈ అరుపులకు లేచింది. ఆ చిలకమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా అడవంతా చాటింపు వేసేసింది. "చెంగికి ఈత రాదంట! రెల్లు చాటున నీళ్లు తాగుతోందంట! బుడుంగు బోర్లా పడుతున్నాడంట!"

అందరికంటే గట్టిగా నవ్వింది కొమ్మయ్య. కొమ్మ పట్టుకుని తలకిందులుగా ఊగుతూ, "పరుగుల రాణికి నీళ్ల గండమా! పువ్వు మీద ఆశ వదులుకో చెంగీ!" అన్నాడు.

చెంగికి తల కొట్టేసినట్టయింది. పొదలోకి దూరి కూర్చుంది. "నేను పందెంలోకి రాను. కాలు బెణికిందని చెప్పేస్తా," అనుకుంది. అలా చెబితే ఎవరూ నవ్వరు. మర్యాద దక్కుతుంది. కానీ పువ్వు పోతుంది. అంతకంటే, నీళ్లమీద తేలినప్పటి ఆ సంతోషం కూడా పోతుంది. మూడు రోజుల కింద తనకు లేని సంతోషం అది! దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున చెంగి ఏం చేసిందనుకున్నారు? రెల్లు చాటుకు వెళ్లలేదు. అందరూ నీళ్లు తాగడానికి వచ్చే పెద్ద ఒడ్డుకే వెళ్లింది. తల ఎత్తి, "అవును, నాకు ఈత రాదు. నేర్చుకుంటున్నా. నవ్వేవాళ్లు నవ్వండి, కాస్త పక్కకు జరిగి నవ్వండి, దిగాలి," అంది. దిగింది కూడా.

కొందరు నవ్వారు. కానీ కాసేపటికి ముళ్లపంది మెల్లిగా దగ్గరికి వచ్చింది. "అక్కా, నాకూ రాదు. నేనూ దిగనా?" అంది. దాని వెనక కుందేలు. దాని వెనక నక్క. అడవిలో సగంమందికి ఈత రాదని ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్లూ ఒక్కరూ నోరు విప్పలేదు! బుడుంగుకు ఊపిరి తిరగలేదంటే నమ్మండి. ఒకరి మెడ పట్టుకుంటే ఇంకొకరి తోక మునిగేది.

కొమ్మయ్య మాత్రం ఒడ్డుకు రాలేదు. రోజూ గుట్ట ఎక్కేవాడు, దిగేవాడు, చూసేవాళ్లకు పళ్లికిలించేవాడు.

పందెం రోజు రానే వచ్చింది. ముందురోజే రాలిన మొదటి పువ్వును మోదుగాకులో పెట్టుకుని, పెదనాయన పెద్ద ఇప్పచెట్టు కింద కూర్చున్నాడు. ఒక కన్ను పువ్వు మీద, ఒక కన్ను ఆకాశం మీద. చొంగ కారుతోంది, తుడుచుకుంటున్నాడు.

కొంగ ముక్కు టకటకలాడించింది. అందరూ నీళ్లలోకి దూకారు. కొమ్మయ్య దూకలేదు. మడుగు మీదికి వంగిన కొమ్మ పట్టుకుని వేలాడుతూ వెళ్లబోయాడు.

"ఏయ్! కొమ్మ మీద ఈత ఏ అడవిలో ఉందయ్యా? దిగు!" అని అరిచింది కొంగ.

"నీళ్లు... నీళ్లు చల్లగా ఉన్నాయి. పొద్దుటినుంచి నాకు కడుపులో కూడా బాలేదు," అన్నాడు కొమ్మయ్య. కొమ్మమీదే ఉండిపోయాడు. గుట్ట ఎదురుగా కనిపిస్తోంది. పందెంలో అక్కడికి పోయే దారి మాత్రం నీళ్లలోంచే ఉంది.

బుడుంగు రెప్పపాటులో అవతలి ఒడ్డెక్కాడు. చెంగి అందరికంటే వెనక. సరిగ్గా నడిమడుగులో ఒక అల వచ్చి ముక్కులో కొట్టింది. చిన్నప్పటి వాగు గుర్తొచ్చింది. కాళ్లు బిగుసుకుపోయాయి. మునిగింది! లేచింది! చెవిలో ఎవరో అన్నట్టు వినిపించింది, "నీళ్లతో కొట్లాడకే." చెంగి కొట్లాట మానేసింది. మెడ సాచింది. ముందు ఈదుతున్న అడవిపంది వీపునే చూస్తూ, ఒక్కో కాలూ ఆడించింది. ఒడ్డు ఎక్కేసరికి అందరూ వెళ్లిపోయారు. అయితేనేం, ఒడ్డెక్కింది!

గుట్టమీద నెమ్మదిగా, జారకుండా ఎక్కింది. ముళ్లపందిని దాటింది. దారిలో బురద దొరికి పొర్లాడుతున్న అడవిపందిని దాటింది. గుట్ట దిగి మైదానంలో కాలు పెట్టగానే, ఇక చెంగిని పట్టేవాళ్లెవరు? నక్కను దాటింది. కుందేలును దాటింది. అందరికంటే ముందు, ఆయాసపడుతూ, పొట్టి కాళ్లతో బుడుంగు కనిపించాడు.

"మామా!" అంటూ చెంగి వేగం తగ్గించింది.

"ఆగావంటే ఊరుకోను! పోవే! పువ్వు నీది!" అని కసిరాడు బుడుంగు.

చెంగి పరిగెత్తింది. ఇప్పచెట్టును ముట్టుకుంది. అడవి మార్మోగిపోయింది. పెదనాయన గబగబా పువ్వు అందించి, "తొందరగా తిను తల్లీ! నువ్వు తింటేగాని మేం తినకూడదు. నా వల్ల కావట్లేదు!" అన్నాడు.

చెంగి పువ్వును పళ్ల మధ్య పట్టుకుంది. తినలేదు. ఒక్కొక్కరే వస్తున్నారు. కుందేలు వచ్చింది, నక్క వచ్చింది, ముళ్లపంది వచ్చింది, ఒళ్లంతా బురదతో అడవిపంది వచ్చింది. చెట్టు నిండా పూలు, ఎవరూ ముట్టకూడదు. పెదనాయన మూలిగాడు. "తినవేమే?"

చెంగి పువ్వును మళ్లీ ఆకులో పెట్టింది. "నాకు ఈత నేర్పినవాడు ఇంకా దారిలో ఉన్నాడు పెదనాయనా," అంది.

పొద్దు గుట్టమీదికి వాలింది. అప్పుడు కనిపించాడు బుడుంగు. పడుతున్నాడు, లేస్తున్నాడు. "నడుం మామా! నడుం!" అని అరిచింది చెంగి. అడవంతా "నడుం! నడుం!" అని అరిచింది. బుడుంగు నడుం లేపాడు. సూర్యుడి అంచు ఇంకా కనిపిస్తుండగానే చెట్టును తాకి, అలాగే వెల్లకిలా పడిపోయాడు. అందరికంటే ఆఖరు.

చెంగి పువ్వును రెండుగా కొరికి, సగం ఆయన నోట్లో పెట్టింది. బుడుంగు నమిలాడు. మొహం వంకరపెట్టాడు. "ఇదా నువ్వు నాలుగేళ్లుగా పడిచచ్చే తిండి? చేపముక్క లేదా?" అన్నాడు.

ఆ నవ్వుల్లో ఎవరు ముందు పూలమీద పడ్డారో చెప్పనక్కర్లేదు. పెదనాయనే!

మర్నాడు పొద్దున్నే చెంగి మడుగు దగ్గరికి వచ్చింది. ఒడ్డున కొమ్మయ్య ఒక్కడే, తోక చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కాలివేలు నీళ్లలో ముంచి, చటుక్కున వెనక్కి తీశాడు. ఆఖరికి, ఎంతో కష్టంగా నోరు తెరిచాడు. "చెంగీ... నాకు ఈత రాదు."

చెంగి నవ్వలేదు. మోకాళ్లదాకా నీళ్లలోకి దిగి, వెనక్కి తిరిగింది.

"రా అన్నా. మొదటి రోజు చేప తగిలితే మాత్రం పారిపోకు," అంది.

నీతి: రాదని ఒప్పుకున్నవాళ్లకు రేపైనా వస్తుంది. రాదని దాచుకున్నవాళ్లకు ఎన్నటికీ రాదు.