ఇంకా కొండ దిగని ఇళ్లు

కరీముల్లా గారికి గడ్డం లేదు, ఆశ్రమం లేదు. వరదల్లో కూలిన ఇళ్ల వివరాలు రాసే ఓ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటారు. అయినా ఆయనకో శిష్యురాలు దొరికింది. పేరు నీలవేణి. చేరి ఆరు నెలలయింది.

ఆమెకు ఒకటే బాధ. ల్యాప్‌టాప్‌లు ఆరు, వాటితో సర్వేకి వెళ్లేవాళ్లు ఇరవై మంది. అందరి ఫైళ్లూ ఉండేది ఆఫీసు సర్వర్‌లో. కొండల మీద సిగ్నల్ ఉండదు కాబట్టి, ఎవరు ఏ ల్యాప్‌టాప్ పట్టుకెళ్తే అందులో వాళ్ల ఫైళ్ల నకలు ఉంటుంది. అక్కడ రాసింది, తిరిగొచ్చి కేబుల్ తగిలించాక సర్వర్‌కి చేరుతుంది. నెల తిరిగేసరికి ఆ నకళ్లతో ల్యాప్‌టాప్‌లు నిండిపోయి మొరాయించేవి.

నీలవేణి ఒక రూల్ పెట్టింది. ఎవరు లాగౌట్ చేసినా, ఆ క్షణమే వాళ్ల నకలు చెరిగిపోవాలి. మొరాయింపులు ఆగాయి.

"చూశారా సార్, అన్నీ అద్దంలా ఉన్నాయి!"

కరీముల్లా గారు టీ తాగుతూ ఊఁ అన్నారంతే. ఆ మాత్రం మెప్పుకి కూడా నోచుకోలేదా అని నీలవేణికి మనసులో గుచ్చుకుంది.

గురువారం, సర్వేకి వెళ్లిన కురసం కన్నమ్మ కొండ దిగి వచ్చింది. మూడు రోజులు గూడేలన్నీ తిరిగి నలభై ఒక్క ఇళ్లు రాసింది. జీపెక్కే ముందు బుద్ధిగా లాగౌట్ చేసింది. ఆ అలవాటు నేర్పింది నీలవేణే. ఆఫీసుకొచ్చి తెరిస్తే ఒక్క అక్షరం లేదు.

శనివారం జాబితా పై ఆఫీసుకి వెళ్లిపోతుంది. అందులో లేని ఇంటికి సర్కారు ఇచ్చే కప్పు రేకులు రావు.

నీలవేణి గంటసేపు వెతికింది. సర్వర్‌కి చేరకముందే తన రూలే అంతా చెరిపేసింది.

"కేబుల్ పెట్టకుండా లాగౌట్ ఎందుకు చేశావక్కా?" అనేసింది. అన్నాక సిగ్గేసింది.

కరీముల్లా గారు కన్నమ్మకి కుర్చీ వేసి, టీ ఇచ్చారు. నీలవేణి ముందు తెల్ల కాగితాలు, పెన్ను పెట్టారు.

"ఆమె చెబుతుంది. నువ్వు రాయి."

కన్నమ్మ కళ్లు మూసుకుంది.

"వాగు దాటగానే సోడె ముత్తయ్య ఇల్లు. తూరుపు గోడ పడిపోయింది. పొయ్యి కూడా కొట్టుకుపోయింది. పక్కనే వాళ్లక్క భీమమ్మది. ముసల్దాన్ని మంచంతో సహా మోసుకొచ్చారంట..."

నీలవేణి రాస్తూ పోయింది. వేళ్లు నొప్పెట్టాయి. ముప్పై ఎనిమిదో ఇంటి దగ్గర కన్నమ్మ ఆగిపోయింది.

"మూడిళ్లు గుర్తు రావట్లేదమ్మా. పొద్దున్నే మళ్లీ ఎక్కుతా."

"నేనూ వస్తానక్కా," అంది నీలవేణి.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ మూడు పేర్లతో దిగారు. నీలవేణి కాళ్లకు బొబ్బలెక్కాయి. బురద చెప్పులైనా విప్పకుండా, నలభై ఒక్క ఇళ్లూ ఎక్కించిన ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, దాని పక్కనే నిలబడింది. ఫైళ్లు చేరాయన్న గుర్తు కనిపించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత కూర్చుని కాసేపు ఏదో సరిచేసింది.

"ఆ రూల్ తీసేశావా?" అడిగారు కరీముల్లా గారు.

"లేదు సార్. మార్చాను. చెరిపే ముందు ఇప్పుడు ఒక మాట అడుగుతుంది."

"ఏమని?"

"ఇళ్లన్నీ కొండ దిగాయా అని."

ఆయన తన ముందున్న టీ గ్లాసు ఆమె వైపు జరిపారు.